హరిణ వనస్థలికి వెళ్తున్నారా? మొక్కలు కాదు, కలుపు చూడండి

తొమ్మిది, పది తరగతుల పిల్లలు పార్కుకి సాయం చేద్దాం అనుకోగానే ముందు గుర్తొచ్చేది మొక్కలు నాటడమే. హైదరాబాద్ వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలికి వెళ్తుంటే మాత్రం ఆ ఆలోచన పక్కన పెట్టేయండి. 1975లో ఏర్పాటైన ఈ పార్కులో కృష్ణజింకలున్నాయి. వాటికి కావాల్సింది గడ్డి, దూరం నుంచి ఏం వస్తోందో కనిపించేంత ఖాళీ నేల. చెట్లు కమ్మేస్తే వాటికి ఇబ్బందే.

కాబట్టి మీరు చేయగలిగే అసలైన పని వయ్యారిభామ అనే కలుపుమొక్కను పీకడం. గడ్డిని ఎదగనివ్వదది.

ముందు పర్మిషన్. హెడ్మాస్టర్ సంతకంతో, ఎంతమంది, ఏ రోజు, వెంట ఏ టీచర్లు వస్తారో రాసి అటవీశాఖ వాళ్లకివ్వండి. ఎక్కడ పని చేయాలో వాళ్లే చూపిస్తారు, సొంతంగా లోపలికి దిగకండి.

వానాకాలంలో రెండు మంచి వానలు పడ్డాక పొద్దున్నే వెళ్లండి, ఎందుకంటే నేల మెత్తగా ఉంటే మొక్క వేరుతో సహా వస్తుంది, గట్టి నేలలో లాగితే కాడ తెగి మళ్లీ చిగురిస్తుంది. ఆకు క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది, కొమ్మల చివర చిన్న తెల్లపూలు. పూత రాకముందే పీకాలి, ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది మరి. పూసినవాటిని దులపకుండా నేరుగా సంచిలో వేయండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లౌజులు, మాస్కు, బూట్లు తప్పనిసరి. ఆస్తమా, చర్మం అలర్జీ ఉన్నవాళ్లు దీని జోలికే వెళ్లకండి. ప్లాస్టిక్ ఏరండి, తిండి వాసనకి జింకలు కవర్లు కూడా మింగేస్తాయి.

గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. పాము కరిస్తే కోయొద్దు, తాడు బిగించొద్దు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఒకసారి మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మోకాలెత్తు గడ్డి పక్కకి తోసి అలాగే నిలబడిపోయింది. చూస్తే జింకపిల్ల, చెవులు వెనక్కి ఆన్చి, ఊపిరి తీస్తోందా లేదా అన్నట్టు పడుకునుంది. తల్లి వదిలేసిందేమో అని పాపం ఎత్తుకోబోయింది. ముట్టుకోకండి. తల్లి పిల్లని అలా దాచిపెట్టే మేతకి వెళ్తుంది, మనం అక్కడుంటే దగ్గరికి రాదు. గార్డుకి చెప్పి ఆ మూల పని ఆపేశాం. అక్కడి కలుపు తర్వాతి వారం పీకాం.