పిట్టల గింజల పెట్టె: ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

సమస్య: మేకు సగం దిగేసరికి చెక్క నిలువునా చీలింది.

కారణం: మేకుని చెక్క చివరకి మరీ దగ్గరగా కొట్టారు. పాత ప్యాకింగ్ పెట్టెల చెక్క బాగా ఎండిపోయి ఉంటుంది, ఇంకా తొందరగా చీలుతుంది.

పరిష్కారం: చివర అంగుళం వదలండి. ముందు 2 మి.మీ. బిట్‌తో రంధ్రం వేసి, 3.5 మి.మీ. స్క్రూ బిగించండి. డ్రిల్ లేదా? మేకుని తలకిందులుగా బండ మీద నిలబెట్టి మొన మీద సుత్తితో చిన్న దెబ్బ వేయండి. వాడి మొన చెక్క నారని పక్కలకి తోసి చీలుస్తుంది, మొద్దు మొన నలగ్గొట్టుకుంటూ దిగుతుంది. చీలిన ముక్కని పారేయొద్దు. చీలికలోకి జిగురు ఎక్కించి, తాడుతో గట్టిగా కట్టి, రాత్రంతా వదిలేయండి. నా మొదటి పెట్టెకి రెండు పక్కలూ అలా అతికించినవే.

సమస్య: పెట్టె వంకరగా వచ్చింది.

మూల నుంచి మూలకి రెండు వైపులా టేపుతో కొలవండి. ఏది పొడవుగా ఉంటే ఆ మూలల్ని నొక్కి, కొలతలు సమానం అయ్యాకే స్క్రూలు పూర్తిగా బిగించండి.

సమస్య: వాన పడ్డాక నూకలు ముద్దకట్టాయి, సజ్జలు మొలకెత్తాయి.

కారణం: నీళ్లు పోయే దారి లేదు. చాలామంది పెట్టె అందం చూసుకుంటారు గానీ అడుగు సంగతి మర్చిపోతారు.

పరిష్కారం: అడుగున నాలుగు మూలలా 6 మి.మీ. రంధ్రాలు వేయండి. గింజలు జారిపోతుంటే లోపల స్టీలు జాలీ ముక్క పరవండి. కప్పుని వాలుగా పెట్టి, చుట్టూ రెండు అంగుళాలు బయటికి ఉంచండి. బూజు పట్టిన గింజలు పిట్టలకి జబ్బు తెస్తాయి, మొత్తం తీసేసి కడిగి ఎండబెట్టండి. అతుకులు ఊడితే మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడిందన్నమాట. వాటర్‌ప్రూఫ్ రకం వాడి, స్క్రూలు కూడా వేయండి.

సమస్య: పావురాలే మొత్తం మేసేస్తున్నాయి.

ముందు వైపు 4 సెం.మీ. ఎడంతో సన్న పుల్లలు నిలువుగా బిగించండి. పిచ్చుక దూరుతుంది, పావురం దూరదు. ఉడతలకి మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

సమస్య: చీమలు.

వేలాడే తీగకి గ్రీజు రాయకండి, ఈకలకి అంటుకుంటుంది. తీగ మధ్యలో ఒక మూతని గిన్నెలా బిగించి నీళ్లు పోస్తే చాలు, చీమలు దాటలేవు.

సమస్య: ఒక్క పిట్టా రావడం లేదు.

కొత్త వార్నిష్ వాసనో, పిల్లికి అందే ఎత్తో కారణం కావచ్చు. లోపల రంగు వేయకండి, చెట్టుకి దగ్గరగా వేలాడదీయండి. మన ఊళ్లలో చూరుకి కట్టే వరి కంకుల కుచ్చు ఒకటి పక్కన కట్టి చూడండి. పిచ్చుకలు ముందు దాని మీదే వాలతాయి, పెట్టె వంతు తర్వాత.