కట్టెల ఫైర్‌ప్లేస్‌ను చలికాలానికి సిద్ధం చేసుకోవడం

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల పాత ఇటుక ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఇంటితోపాటు కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ కూడా వచ్చి ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. అక్టోబరు చివర్లో చలిగాలి మొదలైన రాత్రి అందరికీ అది గుర్తుకొస్తుంది. అప్పటికి పొగగొట్టం శుభ్రం చేసేవాళ్లకు తీరిక ఉండదు, బాగా ఆరిన కట్టెలూ అమ్ముడైపోయి ఉంటాయి. అందుకే ఈ పని సెప్టెంబరులో మొదలుపెట్టండి.

మొదట చూడాల్సింది పొయ్యిని కాదు, దాని పైన ఉన్న పొగగొట్టాన్ని. కట్టెల పొగ పైకి వెళ్తూ చల్లబడి గోడలకు తారులాంటి పదార్థంగా అంటుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. అది మండే పదార్థం. ఏళ్ల తరబడి పేరుకున్న క్రియోసోట్‌కు ఒక్క నిప్పురవ్వ తగిలితే పొగగొట్టమే లోపలి నుంచి మండుతుంది. దాని మందం అంగుళంలో ఎనిమిదో వంతుకు చేరితే శుభ్రం చేయించాల్సిందే. వాడినా వాడకపోయినా ఏడాదికోసారి పొగగొట్టాన్ని తనిఖీ చేయించాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ధ్రువపత్రం ఉన్నవారినే పిలవండి. ఇల్లు కొత్తగా కొన్నవాళ్లయితే పైపైన చూసి వెళ్లే తనిఖీ చాలదు. లోపలికి కెమెరా దించి చూసే రెండో స్థాయి తనిఖీ అడగండి. ఖర్చు ఎక్కువే అయినా ఇందులో బేరం వద్దు.

వేసవిలో పొగగొట్టం లోంచి కిచకిచలు వినిపించాయంటే అవి చిమ్నీ స్విఫ్ట్ పక్షులు. పుల్లలను లాలాజలంతో గోడకు అతికించి గూడు కట్టుకుంటాయి. 1918 నాటి వలస పక్షుల చట్టం వాటిని కాపాడుతోంది కాబట్టి గుడ్లు, పిల్లలు ఉండగా గూడు కదిలించకూడదు. చలికి ముందే అవి దక్షిణ అమెరికాకు వెళ్లిపోతాయి. అవి వెళ్లాకే శుభ్రం చేయించి, పైన జల్లెడ ఉన్న టోపీ బిగించండి. వాన, ఉడతలు లోపలికి రావు, నిప్పురవ్వలు కప్పు మీద పడవు.

మీరే చూసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. టార్చి వేసి పొయ్యి లోపలి ఇటుకల మధ్య సున్నం రాలిందేమో చూడండి. రాలి ఉంటే వేడికి తట్టుకునే ప్రత్యేకమైన మోర్టార్ కావాలి, మామూలు సిమెంటు నిలవదు. డ్యాంపర్, అంటే పొగదారికి వేసే ఇనుప మూత, పూర్తిగా తెరుచుకుని మూసుకుంటోందో లేదో పరీక్షించండి.

ఇక కట్టెలు. గోదావరి జిల్లాలో సరుగుడు కట్టెల మీద వంట చేసిన ఇంట్లో పెరిగినదాన్ని. పచ్చి కట్టె ఇల్లంతా ఎలా పొగ పెడుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఆ పొగతోపాటు క్రియోసోట్ కూడా పెరుగుతుంది. తేమ 20 శాతంలోపు ఉన్న కట్టెనే కాల్చాలి. తేమ కొలిచే చిన్న పరికరం హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. మొద్దును అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద కొలవండి. పైభాగం ఎప్పుడూ పొడిగానే కనిపిస్తుంది. బాగా ఆరిన కట్టె చివర్లలో పగుళ్లుంటాయి, రెంటిని ఒకదానికొకటి కొడితే ఖంగుమంటుంది. ఓక్ చాలా బాగా మండుతుంది, కానీ ఆరడానికి రెండేళ్లు పట్టవచ్చు. కొనేటప్పుడు కొలత ‘కార్డ్’లో అడగండి: 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. ‘ఫేస్ కార్డ్’ అంటే సాధారణంగా అందులో మూడో వంతే.

కట్టెలు దగ్గర్లోనే కొనండి. రెక్కల మీద చుక్కలుండే లాంటర్న్‌ఫ్లై అనే పురుగు అమెరికాలో మొదటిసారి 2014లో మన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బర్క్స్ కౌంటీలోనే బయటపడింది. ఎండిన బురద పూసినట్టుండే దాని గుడ్లు కట్టెల వెంట ఊళ్లు దాటుతాయి. కట్టెలను నేలకు ఎత్తుగా, ఇంటి గోడకు దూరంగా పేర్చండి, లేకపోతే చెదలను పిలిచినట్టే. పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేయండి.

భోగికి పాత కుర్చీలు, తలుపులు మంటలో వేసే అలవాటు మనకు ఉంది. ఈ పొయ్యిలో ఆ పని వద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ కాలితే విషపు పొగ వస్తుంది. దసరా బొమ్మల కొలువు పొయ్యి ముందు పెట్టేవాళ్లు మొదటి మంటకు ముందే అన్నీ తీసేయాలి. కనీసం మూడడుగుల లోపల మండే వస్తువేదీ ఉండకూడదు, ముందు జాలీ తెర తప్పనిసరి. ప్రతి అంతస్తులో, పడకగదుల బయట పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతున్నాయో లేదో నొక్కి చూడండి.

మొదటి మంటకు ముందు డ్యాంపర్ తెరిచి, ఒక అగరుబత్తి వెలిగించి పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. పొగ పైకి వెళ్తే సరే. గదిలోకి తిరిగి వస్తుంటే గొట్టంలో చల్లగాలి నిలిచిందన్నమాట. న్యూస్‌పేపరు చుట్టి వెలిగించి, డ్యాంపర్ కింద కాసేపు పట్టుకుంటే గొట్టం వేడెక్కి దారి ఇస్తుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి: మన వంటింట్లో తాలింపు ఘాటుకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం. అది ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తే, పొయ్యి పొగ వెనక్కి తిరుగుతుంది. మంట ఉన్నంతసేపు ఆ ఫ్యాన్ కట్టేయండి, లేదా పక్కనే కిటికీ కొంచెం తెరవండి. చిన్న మంటతో మొదలుపెట్టండి.

బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లోకే తీయాలి, ఇంటికి పదడుగుల దూరంలో పెట్టాలి. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్‌తో తీయకండి. రాత్రి మంట ఆరిందని డ్యాంపర్ కూడా వెంటనే మూయకండి. నివురు కింద నిప్పు ఉన్నంతవరకు కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు, వాసన ఉండవు. పొయ్యిలోని బూడిద పూర్తిగా చల్లబడ్డాకే డ్యాంపర్ మూయండి.