అలైనర్ ఒక పన్ను దగ్గర కూర్చోకపోతే: నా అనుభవం

అలైనర్ అంటే పళ్లని వరసలోకి జరిపే ప్లాస్టిక్ ట్రే, ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పెట్టుకోవాలి. పై కోరపన్ను పక్కనున్న చిన్న పన్ను దగ్గర నా కొత్త ట్రే సరిగ్గా కూర్చోలేదు. అద్దంలో చూస్తే పన్ను అంచుకీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నటి ఖాళీ. చాలామందికి మొరాయించేది ఈ పన్నేనట. ఒక్కో ట్రే పంటిని జరిపేది దాదాపు 0.25 మిల్లీమీటర్లే, ఖాళీ ఉండగానే తర్వాతి ట్రేకి వెళ్తే తేడా పెరుగుతూ పోతుంది. అందుకే డాక్టరుగారు ఆ ట్రేనే ఇంకో వారం పెట్టుకోమన్నారు.

అసలు పని చేసింది చ్యూయీ. మెత్తటి రబ్బరు ముక్క అది. ట్రే పెట్టుకున్న ప్రతిసారీ దాన్ని సరిగ్గా ఆ పన్ను కిందే పెట్టి, గట్టిగా కొరికి, కాసేపు అలాగే పట్టి వదిలేదాన్ని. తిండికీ, బ్రషింగ్‌కీ తప్ప ట్రే తియ్యలేదు. రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాల్సిందే. ఖాళీ మెల్లగా పూడింది. ట్రేని వేడినీళ్లతో మాత్రం కడగకండి, వంకరపోతుంది.