తోడుగా నడవడం – 4వ పాఠం: పిల్లవాడు రాని రోజు

కేసులో పడి, బాలల హోమ్‌లో కొన్నాళ్లు ఉండి బయటికి వచ్చిన పిల్లలకి తోడుగా నడవాలని ముందుకొచ్చిన మీ కోసమే ఈ పాఠాలు. పోయిన పాఠంలో, పిల్లవాడిని మొదటి మూడుసార్లు కలిసినప్పుడు అతని కేసు ఊసు ఎత్తొద్దని రాశాను. మీలో చాలామంది ఎత్తలేదు, సంతోషం. కానీ మీరు రాసినవి చదువుతుంటే ఎక్కువమందిది ఒకటే బాధ అని అర్థమైంది. మొదటిసారి వచ్చాడు, రెండోసారీ వచ్చాడు, మూడోసారి రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. "నేనేం తప్పు మాట్లాడాను?" అని కొందరు అడిగారు. "వీడికి అక్కర్లేదేమో, అవసరమున్న ఇంకో పిల్లవాడిని చూసుకుంటాను" అని ఇంకొందరు రాశారు. రాకపోవడం ఈ పనిలో మామూలేనని నేను మొదటి పాఠంలోనే చెప్పాల్సింది, చెప్పలేదు. అందుకే చదువు, ఉద్యోగాల గురించి ఈసారి రాద్దామనుకున్నది పక్కన పెడుతున్నాను.

హోమ్‌లో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, లైటు ఎప్పుడు ఆరిపోవాలో ఇంకెవరో నిర్ణయిస్తారు. నెలల తరబడి అలా బతికిన పిల్లవాడికి తన టైమ్ తాను చూసుకునే అలవాటు పోతుంది. బయటికి వచ్చాక కోర్టు వాయిదా ఒకటి, బయటికొచ్చాక అతని బాగోగులు, నడవడిక కనిపెట్టి చూసే ప్రొబేషన్ అధికారి ముందు హాజరు ఒకటి, కౌన్సెలింగ్ ఇంకొకటి. తప్పకుండా వెళ్లాల్సినవి అన్ని ఉన్నప్పుడు, వెళ్లకపోయినా ఏమీ కానిది మీ కలయిక ఒక్కటే, అందుకే ముందు అదే తప్పిపోతుంది. దారి ఖర్చులు లేక రానివాళ్లున్నారు, నడిచొచ్చే దారిలో పాత స్నేహితులు కనబడతారని రానివాళ్లూ ఉన్నారు. ఇవి కాక ఇంకొకటుంది. తన జీవితంలోకి వచ్చిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం చూసినవాడు, మీరు వెళ్లిపోకముందే తానే వెళ్లిపోయి చూస్తాడు.

ఇప్పుడు మెసేజ్ సంగతి. రానివాడికి మీరు పంపినవి కొందరు నాకు చూపించారు. అన్నింట్లో ఎక్కువగా ఉన్నది ఇది: "నీ కోసం గంటసేపు కూర్చున్నాను."

దయచేసి ఇది పంపకండి. అబద్ధమని కాదు, నిజంగానే కూర్చున్నారు, బాధపడ్డారు. కానీ అతని వైపు నుంచి చదవండి. ఇంట్లో అమ్మ, బడిలో టీచరు, హోమ్‌లో సిబ్బంది, అందరూ ఏదో ఒక రోజు ఈ మాటే అన్నారు, నీ కోసం ఇంత చేశాను అని. ఆ గంట అతనికి అప్పులా కనబడుతుంది. తీర్చలేని అప్పున్నవాడు ఏం చేస్తాడు? ఎదురుపడకుండా తప్పించుకుంటాడు. మీరు ప్రేమతో పంపిన మాటే అతన్ని ఇంకో వారం దూరం చేస్తుంది.

"ఏమైంది? అంతా ఓకేనా?" అన్నది మెత్తగా ఉంటుంది కానీ అది జవాబు అడుగుతోంది. చెప్పుకోలేని కారణం ఉంటే ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్తాడు, తర్వాత ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకో వారం రాడు. "మళ్లీ ఏమైనా గొడవలో ఇరుక్కున్నావా?" అంటే మీ మనసులో అతని స్థానం ఏమిటో మీరే చెప్పేసినట్టు. "మీ ఆఫీసర్‌కి చెప్పాల్సి వస్తుంది" అన్నది అసలే వద్దు. హాజరు గురించి మీరు ఎవరికైనా నిజంగా చెప్పాల్సి ఉంటే ఆ సంగతి మొదటి రోజే ముఖాముఖి చెప్పి ఉండాలి, రాని రోజు గుర్తుచేస్తే అది బెదిరింపే. వాయిస్ మెసేజ్‌లు కూడా వద్దు, పక్కన నలుగురున్నప్పుడు బయటికి వినబడతాయి.

నేను పంపేది రెండు వాక్యాలే: "ఇవాళ కుదరలేదనుకుంటా. వచ్చే శనివారం 5 గంటలకి అక్కడే ఉంటాను." ఇందులో ప్రశ్న లేదు కాబట్టి జవాబు ఇవ్వక్కర్లేదు, క్షమాపణ చెప్పక్కర్లేదు, వచ్చేస్తే చాలు. కేసు, కోర్టు, హోమ్ అనే మాటలు మెసేజ్‌లో ఎప్పుడూ రాయొద్దు. ఆ ఫోన్ ఇంట్లో ముగ్గురిదై ఉండొచ్చు, లేదా తెరవకుండానే స్క్రీన్ మీద కనబడొచ్చు. బాల న్యాయంపై ఐక్యరాజ్యసమితి 1985లో ఆమోదించిన బీజింగ్ నియమాల్లో 8వది పిల్లల గోప్యత గురించే, వాళ్ల మీద ముద్ర పడకూడదనే. మన మెసేజ్‌కీ అది వర్తిస్తుందనే నేను అనుకుంటాను. వాయిదా దగ్గర పడితే "గురువారం 9కి గేటు దగ్గర ఉంటాను" అంటే అతనికి అర్థమవుతుంది. ప్రాణానికి ప్రమాదం ఉందని అనుమానం వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే కదలాలి.

అతన్ని పిలుచుకు రమ్మని ఇలాంటి కేసుల్లోనే ఉన్న ఇంకో కుర్రాడిని పంపకండి. మంచికే అనుకున్నా, అలాంటి పిల్లల్ని ఒకచోట కలపడం చెడు చేయొచ్చు. 1939లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో అబ్బాయిలకి ఏళ్ల తరబడి మంచి మనసుతోనే సాయం చేశారు. దశాబ్దాల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ వెనక్కి వెళ్లి చూస్తే, సాయం అందినవాళ్లకి మేలు కనబడలేదు సరికదా, వేసవి శిబిరాలకి ఒకటికి మించిన సార్లు కలిపి పంపినవాళ్లు మరీ దెబ్బతిన్నారు.

శనివారం 5 అన్నారంటే ఆ టైముకి మీరు అక్కడ ఉండాలి, అతను వచ్చినా రాకపోయినా. పిల్లల వీలును బట్టి రోజు మార్చుకోవాలని కొందరంటారు, నేను ఒప్పుకోను. అదే రోజు, అదే టైము, అదే బల్ల. నలభై నిమిషాలు కూర్చుని లేస్తాను. ఫోన్ తీయను, పుస్తకం తీసుకెళ్తాను.

ఒక కుర్రాడు నాలుగు శనివారాలు రాలేదు. నాలుగోసారి తలెత్తి చూస్తే రోడ్డుకి అవతల స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. చెయ్యి ఊపాలనిపించింది కానీ ఊపలేదు, పేజీ తిప్పాను. ఓ పది నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు. ఐదో శనివారం వచ్చి ఎదురుగా కూర్చుని, "ఆ పచ్చ అట్ట పుస్తకం అయిపోయిందా అన్నా?" అన్నాడు. పచ్చ అట్ట పుస్తకం నేను రెండో శనివారమే ముగించాను. ఎందుకు రాలేదని నేను అడగలేదు, అయిపోయిందనే చెప్పాను.

ఎన్నాళ్లు ఇలా అని అడిగారు. కనీసం ఏడాది. 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో, ఇలా తోడుండే పెద్దవాళ్లతో కలయిక ఏడాదికి పైగా సాగిన చోటే పిల్లలకి ఎక్కువ మేలు కనబడింది. మూడు నెలలలోపే తెగిపోయిన చోట పిల్లలకి తమ మీద తమకున్న విలువ తగ్గింది. ఏడాది ఉండగలనో లేదో అనుకునేవాళ్లు ఇంకా ఎవరినీ కలవకపోతే ఇప్పుడే ఆగిపోండి, అందులో తప్పేమీ లేదు.

అభ్యాసం: వచ్చే మూడు వారాలు, ఒకే రోజు, ఒకే టైముకి, మీరు ఎంచుకున్న చోటికి ఒంటరిగా వెళ్లి నలభై నిమిషాలు కూర్చోండి. ఎవరూ రారు, ఎవరినీ రమ్మనొద్దు, ఫోన్ ఇంట్లో వదిలేయండి. లేచి వెళ్లిపోవాలని ఏ వారం, ఎన్నో నిమిషంలో అనిపించిందో నాకు రాసి పంపండి.