సర్వర్‌లో ఎక్సెప్షన్ వస్తే క్లయింట్ కోడ్‌లో ఏం చేయాలి?

భీమవరంలో ఒక రొయ్యల మేత డీలరుకి ఆర్డర్లు తీసుకునే వెబ్ యాప్ రాసిచ్చాను. రైతు చెరువు గట్టు మీదే ఫోన్లో బస్తాల లెక్క వేసి బటన్ నొక్కితే చాలు. ఒకరోజు ఉండి ఊరి వైపు నుంచి ఒక రైతు ఫోన్. "పది బస్తాలు పెట్టానండి. ఏదో ఇంగ్లీషులో వచ్చింది. పోలేదేమోనని మళ్లీ నొక్కాను, ఇంకోసారీ నొక్కాను. ఇప్పుడు ముప్పై బస్తాలు దింపేసి వెళ్లారండీ బాబూ!"

సర్వర్‌లో ఆర్డరు సేవ్ అయింది. ఆ తర్వాత ఎస్సెమ్మెస్ పంపే దగ్గర ఎక్సెప్షన్ (కోడ్ నడుస్తుండగా వచ్చే లోపం) వచ్చి, ఫోన్‌కి 500, అంటే 'సర్వర్‌లో లోపం' అనే స్టేటస్ నంబరు, తిరిగొచ్చింది. తప్పు నాదే. తర్వాత క్లయింట్ కోడ్, అంటే రైతు ఫోన్లో నడిచే కోడ్, ఎలా మార్చానో వరసగా చెబుతాను.

1. ముందు స్టేటస్ చూడండి

సర్వర్‌లో పుట్టిన ఎక్సెప్షన్ అక్కడే ఆగిపోతుంది. మనకు చేరేది ఒక స్టేటస్ నంబరు, దాని వెంట కొంత టెక్స్ట్, అంతే. జావాస్క్రిప్ట్‌లో సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫంక్షన్ ఫెచ్. అది 404కీ (అడిగింది దొరకలేదు) 500కీ కూడా రిజెక్ట్ కాదు, అంటే ఎర్రర్‌గా లెక్కించదు. నెట్ తెగడం లాంటివి జరిగితేనే ఎర్రర్లని పట్టుకునే క్యాచ్‌లోకి వెళ్తుంది. కాబట్టి రెస్పాన్స్‌లో 'ఓకే' చూడాలి. స్టేటస్ 200 నుంచి 299 మధ్య ఉంటేనే అది ట్రూ. కాకపోతే మీరే ఎర్రర్ త్రో చేయండి. ఈ పని ప్రతి పేజీలో కాకుండా ఒకే ఫంక్షన్‌లో పెట్టి, అన్ని కాల్స్ దాని గుండానే పంపండి. ఫెచ్ బదులు ఆక్సియోస్ లైబ్రరీ వాడేవాళ్లకి ఈ బాధ లేదు, అది తనంతట తనే త్రో చేస్తుంది.

2. జేసన్ అని నమ్మి చదవకండి

సర్వర్ మామూలుగా జవాబుని జేసన్ అనే డేటా రూపంలో పంపుతుంది. కానీ 502 వచ్చినప్పుడు తరచుగా ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్యలో ఉండే ప్రాక్సీ ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ పంపుతుంది. దాన్ని జేసన్‌గా చదివితే సింటాక్స్ ఎర్రర్ వచ్చి అసలు కారణం మరుగున పడుతుంది. ముందు కంటెంట్ టైప్ (వచ్చింది ఏ రూపంలో ఉందో చెప్పే హెడర్) చూడండి.

3. రైతు ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి

400, 422 (పంపిన వివరాల్లో తప్పు) అయితే ఫారంలో ఏ గడి తప్పో అక్కడే చూపండి. 401 (లాగిన్ లేదు) అయితే మళ్లీ లాగిన్ అడగండి, కానీ కొట్టిన లెక్క పోకూడదు. 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు), 503 (సర్వర్ ప్రస్తుతం అందుబాటులో లేదు) లతో రీట్రై ఆఫ్టర్ హెడర్ వస్తే అది చెప్పినంతసేపు ఆగండి. 500, 504 (సర్వర్ జవాబు సమయానికి రాలేదు) వస్తే పని జరిగిందో లేదో మనకు తెలియదు. అక్కడ "విఫలమైంది" అనకండి. "మీ ఆర్డరు చేరిందో లేదో తేలలేదు, 'నా ఆర్డర్లు'లో చూడండి" అనండి. పక్కనే ఒక రిక్వెస్ట్ నంబరు చూపిస్తే రైతు ఫోన్లో చదివి వినిపిస్తాడు, మీరు లాగ్‌లో వెతుక్కోవచ్చు.

4. మళ్లీ పంపడం జాగ్రత్త

జాబితా తెచ్చే గెట్ కాల్‌ని మళ్లీ పంపినా నష్టం లేదు. ఒక సెకను, రెండు, నాలుగు, ఇలా ఆగుతూ మూడుసార్లు చూడండి. ఆ ఆగే సమయానికి కాస్త ర్యాండమ్ కలపండి, లేకపోతే సర్వర్ లేవగానే ఫోన్లన్నీ ఒక్కసారే మీద పడతాయి.

ఆర్డరు పెట్టే పోస్ట్ కాల్ సంగతి వేరు, దాన్ని మళ్లీ పంపితే ఇంకో ఆర్డరు పడొచ్చు. ఫారం తెరిచినప్పుడే ఒక యూనిక్ ఐడీ తయారు చేసి, ప్రతి ప్రయత్నంలోనూ అదే పంపాలి. దీన్నే ఐడెంపొటెన్సీ కీ అంటారు. బటన్ నొక్కినప్పుడు తయారు చేస్తే నొక్కినప్పుడల్లా కొత్తది పుడుతుంది, ఇక ప్రయోజనం ఉండదు (నేను మొదట అలాగే రాశాను). సర్వర్ వైపు డేటాబేస్‌లో ఆ కీకి యూనిక్ షరతు పెట్టించండి. అదే కీ మళ్లీ వస్తే కొత్త ఆర్డరు వేయకుండా పాత జవాబే ఇవ్వాలి. ఇది లేకుండా క్లయింట్‌లో ఎంత తెలివి చూపినా బస్తాలు దిగుతూనే ఉంటాయి.

ఫెచ్‌కి టైమౌట్ కూడా మనమే పెట్టుకోవాలి. రిక్వెస్ట్‌ని మధ్యలో ఆపే అబార్ట్ సిగ్నల్‌తో 15 సెకన్లు పెట్టాను, గట్ల మీద సిగ్నల్‌కి అంతకన్నా తక్కువ చాలదు.

5. పరీక్షించండి

టెస్ట్ సర్వర్‌లో ఆర్డరు సేవ్ అయిన తర్వాతి లైన్లో కావాలనే ఒక ఎక్సెప్షన్ పెట్టండి. బటన్ మూడుసార్లు నొక్కండి. డేటాబేస్‌లో ఒక్క ఆర్డరే ఉండాలి, దానికి పది బస్తాలే ఉండాలి.