ట్రాన్స్‌జెండర్, నాన్-బైనరీ వ్యక్తులు తమకు తగిన కౌన్సెలర్‌ని ఎలా వెతుక్కోవాలి?

ట్రాన్స్‌గా ఉండటం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. కౌన్సెలింగ్‌కి వెళ్లేది మారిపోవడానికి కాదు. ఇంట్లో గొడవలు, నిద్రలేని రాత్రులు, బయటికెళ్తే ఎవరేమంటారోనన్న టెన్షన్, ఇన్నాళ్లూ లోపల దాచుకున్న బాధ, వీటి గురించి భయం లేకుండా మాట్లాడటానికి.

1. ముందు ఒక ఫోన్

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో వింటారని భయముంటే డాబా మీదకెళ్లి చేయండి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మాత్రం కింద రాసినవన్నీ తర్వాత, ముందు ఈ ఫోన్ చేసి, నమ్మకమున్న మనిషిని పక్కన ఉండమనండి.

2. ఎక్కడ వెతకాలి?

అందరికంటే బాగా చెప్పగలిగేది ఇప్పటికే కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చిన ట్రాన్స్ వాళ్లే, కాబట్టి ముందు వాళ్లనే అడగండి. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులున్నాయి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్లని ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడొద్దు.

3. ఫీజు కట్టకముందే అడగండి

"ట్రాన్స్ వాళ్లతో ఇంతకుముందు పనిచేశారా? నేను ఒప్పుకోకుండా మా ఇంట్లో చెప్తారా?" ఈ రెండూ ఫోన్లోనే అడిగేయండి. "కొన్ని సిట్టింగుల్లో మిమ్మల్ని మామూలు మనిషిని చేసేస్తాం" అన్నారంటే ఇక అటువైపు వెళ్లొద్దు. అలా మార్చేస్తామనే కన్వర్షన్ థెరపీ డాక్టర్లకు వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

4. పేరు, పిలుపు ముందే చెప్పండి

ఒకసారి నా ఫ్రెండ్‌తో ఒక ఆసుపత్రికి వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చున్నాం. చీటీ మీదున్న పాత పేరు గట్టిగా పిలిచారు, పక్కన "బాబూ" అని కూడా. తను లేవలేదు. మూడోసారి పిలిచినా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ అలాగే కూర్చుంది. డాక్టర్ని చూడకుండానే ఇంటికొచ్చేశాం. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "కాగితాల మీద ఏమున్నా నన్ను ఈ పేరుతో పిలవండి" అని చెప్పేయండి.

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. "వచ్చాను, తిన్నాను, ఏడ్చాను" అంటే చెప్పేది ఆడో మగో తెలియదు, కాబట్టి మీ గురించి మీరు చాలావరకు ఏ ఇబ్బందీ లేకుండా చెప్పుకోవచ్చు. గుచ్చుకునేది ఇంకొకరు మన గురించి "వచ్చాడు" అనో "వచ్చింది" అనో అన్నప్పుడే. నాన్-బైనరీ వాళ్లు, అంటే తమని పూర్తిగా ఆడ అనో మగ అనో అనుకోనివాళ్లు, "వచ్చారు అనండి చాలు" అని అడగొచ్చు. కౌన్సెలర్‌కి అలవాటు కాక నోరు జారొచ్చు, అది పెద్ద విషయం కాదు. సరిదిద్దుకుంటున్నారా లేదా అన్నది చూడండి.

5. మొదటి సిట్టింగ్

కథంతా ఒకే రోజు చెప్పక్కర్లేదు. ఈ వారం ఎక్కువగా బాధపెట్టింది ఏంటో ఫోన్లో నాలుగు లైన్లు రాసుకెళ్లి చదివినా సరిపోతుంది. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు తప్ప. అవేంటో మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

హార్మోన్లకో సర్జరీకో మానసిక నిపుణుల లెటర్ కావాలంటే అదీ ముందే చెప్పండి. లెటర్ ఎక్కడ ఆగిపోతుందోనని చాలామంది తమ సందేహాలు, భయాలు దాచేస్తారు, అప్పుడు కౌన్సెలింగ్ వల్ల ఉపయోగం ఉండదు. వీలైతే లెటర్ ఒకరి దగ్గర తీసుకుని, మనసు విప్పి మాట్లాడటానికి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

అమ్మానాన్నల్ని తీసుకురమ్మని కౌన్సెలర్ అడిగినా మీరు సిద్ధమయ్యాకే. రెండుమూడు సార్లు వెళ్లాక కూడా బయటికొచ్చేటప్పుడు ఇంకా కుంగిపోయినట్టనిపిస్తే కౌన్సెలర్‌ని మార్చేయండి, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.