టోకెన్ మార్చినా గిట్‌హబ్‌కి పుష్ అవ్వకపోతే

2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) హెచ్‌టీటీపీఎస్ లింకుతో కోడ్ పంపేటప్పుడు, అంటే పుష్ చేసేటప్పుడు, అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోదు; ఆ చోట పర్సనల్ యాక్సెస్ టోకెన్ (గిట్‌హబ్ ఇచ్చే రహస్య కీ) ఇవ్వాలి. డెవలపర్ సెట్టింగ్స్‌లో ఫైన్-గ్రెయిన్డ్ టోకెన్ (అనుమతులు విడివిడిగా ఎంచుకునే రకం) తీసుకుని, కావలసిన రిపో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) ఒక్కటే ఎంచుకుని, కంటెంట్స్ అనే అనుమతికి రీడ్ అండ్ రైట్ పెట్టాను. రీడ్ ఒక్కటే ఉంటే క్లోన్ (కాపీ దించుకోవడం) అవుతుంది, పుష్ దగ్గర 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది.

అయినా లాగిన్ ఫెయిలైతే వెంటనే టోకెన్‌ని అనుమానించకండి. విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్ దాచుకున్న పాత పాస్‌వర్డే వెళ్తుండొచ్చు. విండోస్ క్రెడెన్షియల్స్ కింద గిట్‌హబ్ ఎంట్రీ తీసేసి పుష్ కొడితే కొత్తగా అడిగింది, టోకెన్ ఇచ్చాక పనైంది.

ప్రైవేట్ రిపోకి అనుమతి లేకపోతే "రిపాజిటరీ నాట్ ఫౌండ్" అంటుంది. యూఆర్‌ఎల్ సరిగ్గానే ఉంటే అందులోనే తప్పులు వెతుకుతూ కూర్చోవద్దు. ఆర్గనైజేషన్ రిపో అయితే టోకెన్ చేసేటప్పుడే రిసోర్స్ ఓనర్‌గా మీ పేరు కాకుండా ఆర్గనైజేషన్‌ని ఎంచుకోవాలి. అక్కడ అడ్మిన్ ఆమోదం తప్పనిసరి అయితే, అది వచ్చేదాకా ప్రైవేట్ రిపో తెరుచుకోదు.